మోకాలి వెనక మాట

మంగళవారం, 4

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మొదటిసారి పనిరోజున పదకొండు గంటలకి ఇంట్లో ఉన్నాను. పక్కింటివాళ్ళ కుళాయి ఇంత చప్పుడు చేస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

సూపరింటెండెంటు మర్యాదగానే చెప్పాడు. "మేడమ్, మీరు సంజాయిషీ ఇచ్చేదాకా సెక్షన్‌కి రావద్దు. సస్పెన్షన్ అనుకోకండి, సెలవనుకోండి."

సెలవనుకోవాలట. కోర్టు అనువాదకురాలికే పర్యాయపదాలు నేర్పుతున్నాడు మహానుభావుడు.

"ఆ ఇంగ్లీషు మాటకి అసలు అర్థమేమిటో, ఎక్కణ్ణించి వచ్చిందో, మీరలా ఎందుకు రాశారో నెలాఖరులోగా రాసివ్వండి. జడ్జిగారే స్వయంగా చదువుతారు" అన్నాడు.

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. ఇక్కడ నన్ను దిద్దేవాళ్ళు లేరు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక వడ్రంగి కార్ఖానా ఉంది. వాళ్ళ మధ్య దావా. పెద్ద వడ్రంగి ఇంగ్లీషులో అఫిడవిట్ వేశాడు. మార్చి నెలలో తమ్ముడు తనను 'హామ్‌స్ట్రంగ్' చేశాడని, అప్పటినుంచి తన కాళ్ళమీద తాను నిలబడలేకపోతున్నానని అందులో ఉంది. నేను తెలుగులో ఇలా రాశాను: "మార్చి నెలలో నా తమ్ముడు నా మోకాలి వెనక నరం కోశాడు. అప్పటినుంచి నేను కాళ్ళమీద నిలబడలేకపోతున్నాను."

ఆయన చెప్పదలచుకున్నదేమిటంటే, కొయ్య కోసే మిషను తాళం తమ్ముడు దాచేసి పని సాగనివ్వలేదని.

జడ్జిగారు పెద్ద వడ్రంగిని ప్యాంటు పైకి మడవమన్నారట. రెండు మోకాళ్ళూ నిక్షేపంలా ఉన్నాయట. హాలంతా ఘొల్లుమందట. నవ్వితే నవ్వారు. కానీ అంతకు రెండు రోజుల ముందే నా తెలుగు చదివి ఒక కానిస్టేబుల్ కార్ఖానాకి వెళ్ళాడు. వీధిలో అందరి ముందూ చిన్న వడ్రంగిని "కత్తి ఎక్కడ పెట్టావురా?" అని నిలదీశాడు. రాజీకి వచ్చిన అన్నదమ్ములు ఇప్పుడు మొహమొహాలు చూసుకోవడం లేదట.

ఆ రోజు నాకు తలనొప్పిగా ఉంది. అంతే.

వసారాలో బల్బు పోయింది.

బుధవారం, 5

మా చెల్లెలు పిచ్చుక పొద్దున్నే లేచి నాకు కూడా కాఫీ కలిపింది. "ఇంట్లో నువ్వుంటే బావుందే అక్కా, పాలు పొంగిపోకుండా" అంది. ఊరడించడం దానికి రాదు, అందుకే నాకు నచ్చుతుంది.

నలభై ఒక్క ఏళ్ళొచ్చినా దాన్ని పిచ్చుక అనే పిలుస్తాను. పదేళ్ళప్పుడు కాలు దెబ్బతగిలి ఏడాదిపాటు ఒంటికాలిమీద గెంతుతూ తిరిగింది. నాన్న పెట్టిన పేరు.

ఎనిమిదేళ్ళుగానో తొమ్మిదేళ్ళుగానో బోర్డులు రాసే కొట్లో పనిచేస్తోంది. కుర్చీ, బల్ల, బల్లమీద నేమ్‌ప్లేట్లు. నీడపట్టున కూర్చుని చేసే పని, హాయిగా ఉంది. ఇప్పుడు ఉన్నట్టుండి నాటకశాల పిచ్చి పట్టింది. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో పెద్ద నాటకశాలకి పరదాలు రాసేవాళ్ళు కావాలట. అడవులు, కోటలు, మేఘాలు. ఇరవై అడుగుల ఎత్తు పరదాలు. దరఖాస్తు పెట్టింది. తన గురించి విచారించుకోవడానికి నా పేరూ, సెక్షన్ ఫోన్ నంబరూ ఇచ్చింది. కోర్టు ఉద్యోగి కదా, మాటకి విలువుంటుందని.

"పరదాల మేస్త్రీ దగ్గర్నుంచి ఫోనేమైనా వచ్చిందా అక్కా?" అని అడిగింది చెప్పులేసుకుంటూ.

"నేను ఇంట్లోనే ఉన్నాగా. రాలేదు."

అబద్ధం కాదు. ఇంటికి రాలేదు.

శుక్రవారం, 7

పెద్ద నిఘంటువు మొదటి సంపుటం కిందికి దించాను. దుమ్ముకి తుమ్ములు.

'హామ్' అంటే నాకు పంది తొడ మాంసమే తెలుసు. తీరా చూస్తే పంది వెనక వచ్చిందట. పాత ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం మోకాలి వెనక వంపు. కూర్చున్నప్పుడు మడతపడి, నిలబడ్డప్పుడు చదునయ్యే చోటు. అక్కణ్ణించి ఆ మాట మెల్లిగా తొడమీదికి పాకి, చివరికి కసాయి కొట్టు చేరింది. 'స్ట్రింగ్' అంటే తాడు. రెండూ కలిపితే మోకాలి వెనక తాడు. చెయ్యి పెట్టి చూసుకున్నాను. నిజమే, అటొకటీ ఇటొకటీ బిగించి కట్టినట్టున్నాయి.

మొదట అది ఒట్టి అవయవం పేరు. తరవాత ఎవరో దాన్ని క్రియ చేశారు. పేరుంటే పని పుట్టక మానదు కాబోలు. యుద్ధంలో చేజిక్కిన శత్రువుల గుర్రాలను వెంట తోలుకుపోలేకపోతే వెనకకాలి నరం కోసి వదిలేసేవాళ్ళట. గుర్రం చావదు. గుర్రంలా ఉండదు.

దాని భూతకాలం గురించి వ్యాకరణ పండితులు కొట్టుకున్నారట కూడా. హామ్‌స్ట్రంగ్ తప్పు, హామ్‌స్ట్రింగ్డ్ అనాలని ఒక పక్షం. నరం తెగినవాణ్ణి నేలమీద వదిలేసి భూతకాలం గురించి పోట్లాట. మా జాతే అంత.

సోమవారం, 10

సంజాయిషీకి ముందు సరైన తెలుగు మాట ఏదో తేల్చుకోవాలి కదా. పొద్దుటినుంచీ కాయితాలు నింపుతున్నాను.

'కాళ్ళూ చేతులూ ఆడకుండా చేశాడు' అనొచ్చు. కానీ అది కంగారులో కూడా అంటాం.

'మోకాలడ్డాడు' అనొచ్చు. పేపరువాళ్ళు అదే రాస్తారు. పైగా మోకాలుంది కాబట్టి ముచ్చటగా ఉంటుంది. కానీ చూడగా చూడగా తేడా తెలిసింది. మోకాలడ్డడంలో మోకాలు అడ్డేవాడిది. ఇంగ్లీషు మాటలో మోకాలు పోయినవాడిది.

'ముందరికాళ్ళకు బంధం వేశాడు.' ఇదే సరిగ్గా కుదురుతుంది. పెద్ద వడ్రంగి ఈ మాటే అనుంటాడు తెలుగులో చెప్పుకుని ఉంటే. కానీ ఇందులోనూ తిరకాసుంది. పశువు ముందరికాళ్ళకు తాడు కట్టేది దానిమీద పగతో కాదు. అది మేత మేయొచ్చు, అటూ ఇటూ తిరగొచ్చు, దూరం మాత్రం పోలేదు. సాయంత్రం విప్పేస్తారు. వాళ్ళది కోత, మనది కట్టు. ఒకటి వెనకకాళ్ళకి, ఒకటి ముందుకాళ్ళకి. ఒకదానికి కత్తి కావాలి, ఒకదానికి తాడు చాలు.

తాడు విప్పొచ్చు. ఇదొక్కటీ సంజాయిషీలో తప్పకుండా రాయాలి.

మంగళవారం, 11

ఫోనొచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. బల్బు మార్చలేదు.

గురువారం, 13

పిచ్చుక ఈ రోజు కొట్టునుంచి వస్తూనే "సెక్షన్‌కి చేశాడేమో అక్కా, నువ్వక్కడ లేవు కదా, ఓసారి కనుక్కోరాదూ?" అంది.

"కనుక్కుంటాలే" అన్నాను.

ఎన్నాళ్ళని రాయకుండా ఉంటాను? నాకోసం రాసుకునే పుస్తకంలో కూడా దొంగాటలేమిటి, నా మొహం!

ఫోన్ వచ్చింది. ఆ అఫిడవిట్ నా బల్లమీదికి వచ్చిన రోజే, గంట ముందు. పరదాల మేస్త్రీది పెద్దాయన గొంతు. "మీ చెల్లెలుగారి చెయ్యి చాలా బావుందమ్మా, పంపిన బొమ్మలు చూశాం. ఒక్కటే సందేహం, ఎత్తుమీద పని. నిచ్చెనలవీ అలవాటేనా?" అని అడిగాడు.

"తను నిచ్చెన ఎక్కలేదండీ" అన్నాను.

"అయ్యో, అలాగా?" అన్నాడు.

"చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలింది" అన్నాను.

అంతే. రెండు వాక్యాలు. రెండో వాక్యం అక్షరాలా నిజం. మొదటిదానిలో కూడా అబద్ధం లేదు. ఎక్కలేదు అంటే ఇంతవరకూ ఎక్కింది లేదని ఒక అర్థం, ఎక్కే శక్తి లేదని ఒక అర్థం. నేను భూతకాలంలో చెప్పాను. ఆయన అశక్తతలో విన్నాడు. రెండర్థాలున్న మాటకి బాధ్యత ఎవరిది, చెప్పినవాళ్ళదా విన్నవాళ్ళదా?

మంచికే చెప్పాను. ఇరవై అడుగులు.

శనివారం, 15

సంజాయిషీ చిత్తుప్రతి మొదలుపెట్టాను. "సదరు పదమునకు గల లాక్షణికార్థము నా దృష్టికి రానందున" అని రాసి కొట్టేశాను. రానందున ఏమిటి? నిఘంటువు చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. ప్రతి అనుమానపు మాటకీ చూస్తాను, అనుమానం లేనివాటికీ చూస్తాను. సెక్షన్‌లో నన్ను వెనకాల 'నిఘంటువమ్మ' అంటారు, నాకు తెలియదనుకుంటారు. ఈ మాటకి ఎందుకు చూడలేదు?

ఎందుకంటే ఆ మాట నాకు తెలుసు.

నిన్న మొదటి సంపుటం తిరగేస్తుంటే అట్టలోపలినుంచి చీటీ జారింది. డాక్టరు చీటీ. పసుపురంగుకి తిరిగింది. ఎడమకాలు, అని రాసి, పక్కన ఇంగ్లీషులో ఆ మాట. అప్పుడు నాకు ఇరవై ఒకటి. ఆసుపత్రి బల్లమీద కూర్చుని డాక్టర్ని అడిగాను, అదేమిటని. మోకాలి వెనక నరం అన్నాడు. ఆ మాటకి నాకు వేరే అర్థం ఏనాడూ అవసరం పడలేదు.

అటకమీద ఉన్న ఈ నిఘంటువే కావాలన్నాను నేను. పిచ్చుక ఎక్కింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. మొదటి సంపుటం కిందికి అందించి, రెండోదానికోసం మళ్ళీ అటకలోకి వంగింది. నేను పుస్తకం అందుకుని తెరిచాను. లావుపాటి పుస్తకం. తెరవాలంటే రెండు చేతులూ కావాలి.

పిచ్చుకతోపాటు కిందపడ్డ రెండో సంపుటం ఇప్పటికీ మూల నలిగే ఉంటుంది.

సోమవారం, 17

చిన్న వడ్రంగికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు. సంజాయిషీ కాయితంమీద ఇవ్వొచ్చు, క్షమాపణ కాయితంమీద ఇస్తే బావుండదు.

కార్ఖానా చిన్నదే. నేలంతా చితుకులు, పొట్టు. తడికొయ్య వాసన. ఆయన ఒక నిచ్చెన మెట్టుకి చిత్రిక పడుతున్నాడు. నేనెవరో చెప్పగానే చిత్రిక ఆపి, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఓహో! మా అన్న కాలు నాచేత కోయించింది మీరేనా అండీ?"

తల వంచుకున్నాను. పొరపాటైందని చెప్పాను. పెద్దదాన్ని, ఆయనకంటే పదేళ్ళు పెద్దదాన్ని, చేతులు జోడించాను.

"అయ్యయ్యో, అవన్నీ ఎందుకండీ, కూర్చోండి" అని తువ్వాలుతో బల్లమీది పొట్టు దులిపాడు. "నన్నేమన్నా ఫరవాలేదండీ. మా పాపని బళ్ళో 'కత్తిగాడి కూతురు' అంటున్నారంట. అది మాత్రం నచ్చలేదు."

బల్లమీద కూర్చున్నాను. ఆయన చిత్రిక మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "తాళం దాచినమాట నిజమేనండీ. మా అన్నకి చూపు మందగించింది. ఒప్పుకోడు. మిషనుమీద చెయ్యి పెడితే వేళ్ళు ఎక్కడ తెగ్గోసుకుంటాడో అని నాకు గుండె దడ. చెబితే వినే రకం కాదు. అందుకని తాళం నా జేబులో వేసుకున్నా. మంచికే చేశానండీ."

"కళ్ళద్దాలు పెట్టుకోమని చెప్పలేకపోయారా?" అన్నాను. జడ్జిగారి కంటే గట్టిగా.

"అదే చెప్పుంటే బాగుండేదండీ. తాళం దాచడం సులువైంది" అన్నాడు.

లేచి రాబోతుంటే ఆయన నా మొహంకేసి ఇంకోసారి చూసి, "బోర్డులు రాసే అక్కకి మీరేమైనా అవుతారా? పోలికలు అచ్చం అవే" అన్నాడు.

మా చెల్లెలన్నాను.

"ముందే చెప్పరేం మరి! ఇదిగో, ఆవిడ నిచ్చెనే కదా ఇది. పద్దెనిమిది మెట్లు. నేనే చేసిచ్చా, నాలుగేళ్ళైంది. ఇంట్లో చోటు లేదంట, ఇక్కడే ఉంచుతుంది."

గోడకి ఆనించి ఉంది. మెట్లన్నిటిమీదా రంగు చుక్కలు. ఎరుపు, నీలం, సున్నం తెలుపు. పై మెట్టుమీద మరీ ఎక్కువ.

"పైదాకా ఎక్కుతుందా?" అని అడిగాను.

"ఎక్కడమేంటండీ, పైన నిలబడి రెండు చేతులూ వదిలేసి రాస్తుంది. చూసేవాడికి కళ్ళు తిరగాలి గానీ ఆవిడకేం కాదు."

"కింద ఎవరు పట్టుకుంటారు?"

"ఎవరూ పట్టుకోరు. కాళ్ళకి రబ్బరు వేశా కదా."

"మరి కుంటుతుంది కదండీ!"

ఆయన చిత్రిక పక్కన పెట్టాడు.

"ఎవరండీ కుంటేది?" అన్నాడు.

మంగళవారం, 18

భూతకాలంలో చూసుకున్నా అబద్ధమే.

సాయంత్రం పిచ్చుక వచ్చింది. గేటు దగ్గర్నుంచి గుమ్మందాకా కుంటుతూ వచ్చింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గేటు బయట మామూలుగా నడిచింది.

గురువారం, 20

ఉత్తరం వచ్చింది. నాటకశాల ముద్ర. పిచ్చుక గుమ్మంలోనే చించింది. నాకోసం పైకి చదివింది.

"మీ అక్కగారు తెలియజేసిన విషయం దృష్టిలో ఉంచుకుని, మీకు నిచ్చెన ఎక్కనవసరంలేని పని, అనగా రంగులు కలుపు పని, కూర్చుని చేయదగినది, ఇవ్వగలము. ఒకటో తారీకున చేరగలరు."

చదవడం అయ్యాక కాయితం మడిచింది. మళ్ళీ విప్పింది.

"ఏం చెప్పావక్కా?"

చెప్పాను. రెండు వాక్యాలూ ఉన్నదున్నట్టు. ఎప్పుడు ఫోనొచ్చిందో కూడా.

"మూడు వారాలా?" అంది. "రోజూ అడుగుతూనే ఉన్నా కదే నిన్ను!"

"ఇంటికి రాలేదన్నాను" అన్నాను. సిగ్గులేకుండా అదే అన్నాను.

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ముప్పై ఏళ్ళుగా నువ్వు నా కాలిని అడుగుతున్నావక్కా, ఎలా ఉందీ, నొప్పిగా ఉందా, అని. నన్నెప్పుడైనా అడిగావా?" అంది.

కార్ఖానాలో నిచ్చెన చూశానని చెప్పాను. గేటు సంగతీ చెప్పాను. ఇంట్లోనే ఎందుకు కుంటుతావని అడిగాను.

"ఏం చెయ్యను మరి? మామూలుగా నడిచిన రోజు, నొప్పి దాచుకుంటున్నావా అంటూ నూనెగిన్నె పట్టుకుని గంటసేపు నా వెంట పడతావు. కుంటితే ఊరుకుంటావు."

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మామూలుగా నడిచి వెళ్ళింది.

శుక్రవారం, 21

మాట్లాడలేదు.

శనివారం, 22

మాట్లాడలేదు. కాఫీ మాత్రం కలిపి పెట్టి వెళ్ళింది. చక్కెర లేదు. మరిచిపోయిందో కావాలనే చేసిందో, రెండర్థాలూ వస్తాయి. తాగేశాను.

ఆదివారం, 23

"చెప్పులేసుకో, పద" అంది పొద్దున్నే. మూడు రోజుల తరవాత మొదటి మాట.

కార్ఖానాకి తీసుకెళ్ళింది. చిన్న వడ్రంగి బోర్డుకి కొత్తగా రంగు వేయాలట. 'అన్నదమ్ముల కొయ్యపని' అని పాత అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. 'అన్నదమ్ముల' తీసెయ్యాలా అని అడిగిందట. వద్దు, దానికే రంగు ఇంకాస్త గట్టిగా పట్టించమన్నాడట ఆయన.

నిచ్చెన వేసింది. నేను అలవాటుగా ముందుకెళ్ళాను.

"పట్టుకోకు. అవతలి పక్కకెళ్ళి నిలబడు. చూడు."

వీధి దాటి అవతల నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి సంచి గుండెలకి అదుముకున్నాను. అది ఎక్కుతోంది. మెట్లు లెక్కపెట్టాను. ఏడు. పన్నెండు. పదిహేను. పైకెళ్ళి, ఎడమకాలిమీద, ఆ కాలిమీదే, బరువంతా వేసి నిలబడి, జేబులోంచి కుంచె తీసింది. 'అ' రాసింది. చివరి వంపు దగ్గర కాస్త వెనక్కి వాలి, ఒక కన్ను మూసి చూసుకుంది. నా చెల్లెలు అలా చూసుకుంటుందని నాకు తెలియదు. ఇరవై ఏళ్ళు తక్కువగా ఉంది అక్కడ.

ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. దిగేటప్పుడు మాత్రం చివరి రెండు మెట్లూ దిగకుండా దూకింది. పొగరు! కావాలనే.

సోమవారం, 24

రెండు కాయితాలు రాశాను. రెండూ నకళ్ళు తీసిపెట్టుకున్నాను.

మొదటిది జడ్జిగారికి. మాట పుట్టుక, మోకాలి వంపు, గుర్రాలు, అన్నీ క్లుప్తంగా. చివర ఇలా రాశాను: "ఈ క్రియకు ప్రస్తుత సందర్భంలో సరైన తెలుగు: ముందరికాళ్ళకు బంధం వేయడం. నేను నరం కోయడం అని రాశాను. ఆ మాట ఒకప్పుడు మా ఇంట్లోకి ఆసుపత్రి చీటీమీద వచ్చింది. తెలిసిన మాట కదా అని నిఘంటువు చూడలేదు. తప్పు నాదే. తలనొప్పి లేదు."

తలనొప్పి సంగతి వాళ్ళకి నేనెప్పుడూ చెప్పలేదు. ఐనా ఉంచేశాను.

రెండోది పరదాల మేస్త్రీకి. కోర్టులో తప్పొప్పుల పట్టిక వేసే పద్ధతిలోనే వేశాను, నాకు వేరే పద్ధతి రాదు.

"తప్పు: ఆమె నిచ్చెన ఎక్కలేదు.
ఒప్పు: నేను ఆమెను నిచ్చెన ఎక్కనివ్వలేదు."

కింద సంతకం పెట్టి, పిచ్చుకకి చూపించాను. రెండుసార్లు చదివింది.

"ఇది సరిగ్గా అనువదించావే" అంది.

శుక్రవారం, 28

రెండు కబుర్లు.

సూపరింటెండెంటు ఫోన్ చేశాడు. జడ్జిగారు నా సంజాయిషీ చదివి "ఇంతకీ గుర్రాలు ఏమయ్యేవి?" అని అడిగారట. రెండో తారీకునుంచి రావచ్చట. అన్నట్టు నిన్న వాయిదాలో చిన్న వడ్రంగి లేచి, జేబులోంచి తాళం తీసి అన్న ముందు పెట్టాడట. "కళ్ళద్దాలు పెట్టుకుంటేనే" అన్నాడట. పెద్దాయన కోర్టులోనే తిట్టాడట. తిడుతూనే తాళం తీసుకున్నాడట.

రెండో కబురు పరదాల మేస్త్రీది. ఒకే వాక్యం. "మా నిచ్చెన ముప్పై ఒక్క మెట్లు, వచ్చి ఎక్కి చూపించమనండి."

పిచ్చుక ఆ కాయితాన్ని దిండుకింద పెట్టుకుంది, చిన్నపిల్లలా.

నాకు సంతోషంగా లేదు. ఇది కూడా రాయాలి. అది వెళ్ళిపోతోంది. నాకు ఏడుపొస్తోంది. సంతోషం తరవాత వస్తుందేమో చూద్దాం.

ఆదివారం, 30

మధ్యాహ్నం బస్సు. పొద్దున సామాను సర్దుతూ, "అక్కా, మడత నిచ్చెన ఏదీ? అటకమీది పెట్టె దించుకోవాలి" అంది.

పెరటి గదిలో ఉంది. నాన్న కొన్నది. పిచ్చుక బోర్డుల కొట్లో చేరిన వారమే నేను దాని ముందుకాళ్ళూ వెనకకాళ్ళూ కలిపి తాడుతో కట్టేశాను, తెరుచుకోకుండా. నాలుగు చుట్లు, మూడు ముళ్ళు. ఈ నెలంతా ముందరికాళ్ళ బంధం గురించి పేజీలు పేజీలు నింపాను. పెరట్లో ఉన్నది గుర్తు రాలేదు. గుర్తు రాలేదనే రాస్తున్నాను.

ముళ్ళు బిగుసుకుపోయి రాయిలా ఉన్నాయి. గోళ్ళతో లాగాను. రాలేదు.

పిచ్చుక వంటగదిలోంచి కత్తి తెచ్చింది. "కోసెయ్యి, ఎంతసేపు!"

"కొయ్యను" అన్నాను.

"ఒసేయ్ అక్కా, బస్సు పోతుందే!"

"కొయ్యను. విప్పుతాను."

గడపమీద కూర్చుని, దుప్పట్లు కుట్టే సూది పట్టుకుని ఒక్కో పేట లాగాను. పిచ్చుక ముందు విసుక్కుంది, తరవాత నా పక్కనే కూర్చుని రెండో ముడి పట్టింది. దానికి వేళ్ళు సన్నం. పుస్తకం గురించి చెప్పాను. రెండు చేతులూ కావాల్సి వచ్చిందని. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి చెప్పాను.

"తెలుసు. పైనుంచి చూశాగా" అంది. "ఏ పేజీ చదువుతున్నావప్పుడు?"

"గుర్తులేదే."

"అంత చదివీ!" అంది.

ఇద్దరం నవ్వాం. మూడో ముడి పదకొండున్నరకి వచ్చింది. తాడు ఎక్కడా తెగలేదు. ఉండలా చుట్టి దాని సంచిలో వేసుకుంది. పరదాలు కట్టడానికి పనికొస్తుందట.

బస్సెక్కేటప్పుడు మెట్టు దగ్గర నా చెయ్యి ముందుకెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. అది చూసింది. చూసి, తనే నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, ఎక్కేసింది.

మంగళవారం, 2

సెక్షన్‌కి వెళ్ళాను. బల్లమీద పద్నాలుగు కాయితాలు పేరుకున్నాయి. తెలిసిన మాటలన్నిటికీ నిఘంటువు చూశాను. పని సగమే అయింది.

సాయంత్రం వెలుగుండగానే మడత నిచ్చెన వసారాలోకి తెచ్చుకున్నాను. ఆరు మెట్లు. ఆ రోజు తరవాత నేను నిచ్చెన ఎక్కలేదు. రెండర్థాల్లోనూ. మూడో మెట్టుమీద ఆగి, దిగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాను.

ఏడింటికి పిచ్చుక ఫోన్ చేసింది. ముప్పై ఒకటీ ఎక్కిందట. మేస్త్రీ కిందినుంచి చప్పట్లు కొట్టాడట. రేపట్నుంచి మేఘాలు మొదలుపెడతారట. గొంతులో కులుకు ఆగడం లేదు.

"వసారాలో చీకట్లోనే కూర్చున్నావా? ఎవరినైనా పిలిచి బల్బు మార్పించుకోవే" అంది.

"మార్చాను."

"ఎవరు మార్చారు?"

"నేనే."

"నిచ్చెన ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదు."

"కాళ్ళు వణికాయా?" అని అడిగింది.

"వణికాయి" అన్నాను. "ఎక్కాను."